లైన్ క్లియర్

ఏప్రిల్, మిట్టమద్దేనం.
గ్రీమ్స్‌పేటలో మా మిద్దె మీద కాలు పెడితే
పెనం మీద పెట్టినట్టే.
ఆరు పలకలూ ఎండని చూస్తానే ఉండాయి,
కింద ఫ్యాను నిలబడిపోయింది.

"ఇంత ఎండ పెట్టుకోని కరెంటు లేదంటే ఎట్లయ్యా?
అన్నం కుండ ముందర పస్తు పడుకున్నట్టుండాది"
అనింది చెంగమ్మ.
పలకలు బిగించిన కంపెనీ పిలగాణ్ణి
ఫోన్లోనే కడిగేసింది.

నేనేం మాట్లాడలేదు.
ముప్పయ్యొక్క ఏండ్లు స్తంభాలెక్కినోణ్ణి.
వీధి కరెంటు పోతే మిద్దె కరెంటూ ఎందుకు ఆగాలో
నాకు తెలుసు.
ఆ ఎందుకుకి ఒక పేరుండాది,
దొరస్వామి.

గుడిపాల దారి. మామిడికాయల కాలం.
గాలివాన తెరిపిచ్చిన రేత్రి.
సబ్‌స్టేషన్‌కి చెప్పి ఎల్‌సీ తీసుకున్నాం.
లైను చచ్చింది, ఎక్కమన్నారు.
నేను కింద తాడు పట్టుకోనుండా.
యాడో ఒక షెడ్డులో
గుజ్జు చెడిపోతాదని ఎవరో జనరేటర్ తిప్పినారు,
మెయిన్ దించేది మరిచినారు.
అంతే.
చచ్చిన తీగలోకి వెనకమాల నుంచి ప్రాణం వచ్చింది.
దొరస్వామిది పోయింది.
జోబీలో, ఎల్‌సీ నంబరు రాసుకున్న బస్సు టికెట్టు
తడవను కూడా తడవలేదు.

అందుకే పలకలు ఆగితే నాకు కోపం రాదు.
ఎవరో పైన ఉండారేమోనని
ఇల్లు ఊపిరి బిగబట్టినట్టుంటాది.
చొక్కా పిండుకుంటా కూర్చుంటా.

ఈ నెల బ్యాటరీ వచ్చింది.
మెట్ల కింద, బియ్యం డ్రమ్ము పక్కన,
గోడకి తెల్ల డబ్బా.
బిగించేదానికి వచ్చింది పాలిటెక్నిక్ పిల్ల, పూర్ణిమ.
పగటెండ రేత్రికి దాస్తాదనింది,
ఫోన్లో అంకెలు చూపించింది.
చెంగమ్మ చూసింది. నేను చూళ్ళేదు.
ఒకటే అడిగినా:
"వీధిలోకి చుక్క కూడా పోదు కదమ్మా?"

ఆ పిల్ల నవ్వలేదు.
మెయిన్ దించి, చెవి పెట్టి వినమనింది.
టక్.
ముందు వీధిని వదిలేసింది ఇల్లు.
ఆ తర్వాతే ఫ్యాను కదిలింది.
నా పాత టెస్టరు తెచ్చి
మెయిన్‌కి పోయే తీగ మీద పెట్టినా.
వెలగలేదు.
మూడుసార్లు పెట్టినా.

నిన్న రేత్రి మళ్ళీ గాలి. వీధంతా చీకటి.
మా ఇంట్లో గ్రైండర్ ఆగలేదు.
ఎదురింటోళ్ళ ఫోన్లు నాలుగు
మా ప్లగ్గుల్లో యాలాడతా ఉండాయి.
మూల స్తంభం మింద టార్చిలైటు,
మీసాలు సరిగ్గా రాని పిలగాడు.

"ఎల్‌సీ తీసుకున్నావా నాయనా?" అని అరిచినా.
"తీసుకున్నా పెద్దాయనా!"
మా డబ్బా కూడా ఇచ్చేసిందిలే అనుకున్నా, చెప్పలేదు.

వాడు నేల మీద కాలు పెట్టిందాకా
అరుగు మీంచి లేవలేదు.
లోపల్నించి చెంగమ్మ పిలస్తానే ఉండాది,
దోసె చల్లారిపోతా ఉందని.