రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టే ఉద్యోగం

నా పనేమిటో చెబితే మా అమ్మే నవ్వింది,
జీతమిచ్చి మరీ వెంట్రుకలు లెక్కపెట్టిస్తారా అని.
అవును.
గొజ్జాం మెట్టల మీద, బార్లీ చేల నడుమ రేకుల బడిలో
భూతద్దాలు తగిలించుకుని
ముసలి కళ్ల మీదికి వంగి లెక్కపెడతాను:
గుడ్డును తాకేవెన్ని, తాకబోయేవెన్ని,
పీకగా మొదలు మిగిలినవెన్ని.

కంటికి రెప్పే కాపలా అంటారే,
ఆ కాపలా తిరగబడటమే ఈ రోగం.
చిన్ననాటి పుసి, ఈగలు, కడగను నీళ్లు చాలని ముఖాలు;
పుండై మాని, పుండై మాని
రెప్ప లోపలి పొర ఎండిన తోలులా ముడుచుకుని
వెంట్రుకల్ని లోపలికి లాక్కుంటుంది.
కన్ను మూస్తే గీత, తెరిస్తే గీత.
రెప్పపాటుకొకసారి
కంచె చేను మేస్తుంది.

అస్నకెచ్ ఆమడ దూరం నడిచి వచ్చింది.
మెడలో నల్లదారానికి సిలువ,
సిలువ పక్కనే పట్టకారు. వొరెంటో అంటాం మేము.
కమ్మరి చేసింది, కొసలు అరిగిపోయింది.
ఎడమకంట నాలుగు, అన్నాను.
"ఐదు," అంది.
"ఒకటి నీకు కనబడదు. నాకు తెలుసు."
దీపం పక్కకు జరిపి చూశాను.
ఐదే.

ఆపరేషనా, కొత్త పట్టకారా?
ఏది మేలో మాకూ తెలియదు, అందుకే ఈ పరిశోధన
అని కాగితంలో ఉన్నది ఉన్నట్టే చదివాను.
తెలియనివాళ్లకు ఇంత తెల్లకోటు దేనికి, అని అడిగింది.
కాగితంలో దానికి జవాబు లేదు.
అయినా వేలిముద్ర వేసింది.

కవరు చించాను. నూట పదిహేడు: పట్టకారు.
వెంట వచ్చిన ఆడబిడ్డ వుబాలెంకు
నూట పద్దెనిమిది: కత్తి.
"మేం మార్చుకుంటాం" అన్నారిద్దరూ,
సంతలో కోళ్లు మార్చుకున్నంత తేలిగ్గా.
కుదరదన్నాను.
ఆ మాట ఆ పూటంతా నాకే కంట్లో నలుసు.

షరతొకటుంది: దగ్గరి చూపు బాగున్నవారెవరో
ఆమెకు వెంట్రుకలు పీకిపెట్టాలి.
ఇంట్లో ఎవరికీ చూపు ఆనలేదు.
ఆనింది ఒక్క తిరింగోకే;
గట్టు తగాదాలో ఏడేళ్లుగా
మాటల్లేని పొరుగింటావిడ.

నేనే నేర్పాను:
మొదట్లో పట్టుకో, మొలిచిన దిక్కుకే లాగు, తుంచకు.
తలూపింది. అడక్కుండానే
సూదిలో దారమెక్కించి చూపించింది.

ఆరో నెల. పన్నెండు. పద్దెనిమిది.
వానల్లో జీపు వాగు దగ్గరే ఆగిపోతే
దీపం కంచరగాడిద మీద, చూపు కొలిచే అట్ట నా భుజాన.
అట్ట మీది గుర్తును అస్నకెచ్
పళ్లూడిన దువ్వెన అంటుంది.
పళ్లెటు? పైకి. ఇప్పుడు? నీ వైపు.
ఇప్పుడు? "అది వదిలెయ్,
ఆ దూరాన మా చేలో పడిన గొర్రె ఎవరిదో చెప్పనా?"

వుబాలెం కుట్లు చక్కగా మానాయి. ఏడాది తిరిగేసరికి
రెండు వెంట్రుకలు మళ్లీ లోపలికి దారి వెతుక్కున్నాయి.
అదీ రాశాను.

ఇరవై నాలుగో నెల.
పెనం మీద కాఫీ గింజలు చిటపటమంటున్నాయి.
తిరింగో ఒడిలో అస్నకెచ్ తల,
వెలుతురుకు తిప్పిన గడ్డం,
ఊపిరి బిగబట్టిన వేళ్లు.
పీకిన వెంట్రుకను తన మణికట్టు మీద అంటించుకుంది.
ఇంకొకటి.
లేచి, చీకటి గుడిసెలోంచి తలవంచి బయటికెళ్లి
కంచె దగ్గర అటు తిరిగి నిలబడింది.

"ఇప్పటికీ మాటల్లేవా?"
"గట్టు సంగతి తేలలేదుగా," అంది అస్నకెచ్ కళ్లు తుడుచుకుంటూ.
"పదిహేను రోజులకోసారి వస్తుంది.
మొదటి కప్పు పంపితే తాగదు. రెండోదీ తాగదు."
మూడో కప్పు పట్టుకుని మనవడు
పొంగకుండా, మెల్లగా, కంచె వైపు నడుస్తున్నాడు.

గుడ్డును తాకేవి: సున్నా.
నల్లగుడ్డు మీద కొత్త మచ్చ: లేదు.
చూపు: అదే వరస.
పీకిపెట్టే మనిషితో బంధుత్వం:
ఏం రాయాలో తోచక గీత పెట్టాను.

కత్తి మేలో పట్టకారు మేలో ఇంకా తేలలేదు.
అడిస్ అబాబాలో లెక్కలు కట్టేవాళ్లు
నూట పదిహేడులో ఆ గడి ఖాళీ ఎందుకని అడిగారు.
మూడో కప్పు, అని రాశాను.
కొట్టేసి,
పొరుగు, అని రాసి పంపాను.