ఎత్తు

ఎత్తెంత అని అడిగాను.
దీనమ్మ తన భుజానికి చెయ్యి ఆనించి
"ఈడికొచ్చుద్ది సార్" అంది.
ఆమె భుజాన్ని కంటితోనే కొలిచి
నాలుగడుగుల రెండంగుళాలని రాశాను.

చీమకుర్తి స్టేషన్లో రైటర్ని నేను.
గ్రానైటు దుమ్ము ఫ్యాను రెక్కల మీద,
రిజిస్టర్ల అంచుల మీద,
ఫిర్యాదు చెప్పేవాళ్ల కనురెప్పల మీద.
పేరు సలోమి. పదమూడేళ్లు. చామనఛాయ.
ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ.
ఎట్లా కాలిందో రాసే గడి లేదు,
అడగలేదు.

"ఎవడితోనో పొయ్యుంటది, రెండ్రోజులు చూడమను."
లోపలి గదిలోంచి ఎస్సై గొంతు.
అదే పూట పాలిషింగ్ యూనిట్ ఓనరు బుల్లెట్ పోయింది.
ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ట్యాంకు మీద గీత,
చీకటి పడకముందే అద్దంకి, దర్శి, పొదిలి
అన్ని సెట్లూ ఆ బండిని పలవరించాయి.

సలోమి మూడోనాడు దొరికింది, మా వల్ల కాదు.
సింగరాయకొండ ప్లాట్‌ఫారం మీద
జామకాయలమ్మే ఆమె
పక్కన కూర్చోబెట్టుకుని ఫోను చేసింది.
జీపులో తెచ్చారు. కాళ్లకు చెప్పుల్లేవు.
తలా ఒక మాట అన్నారు.
నేనూ ఒకటన్నాను. గుర్తుంది, చెప్పను.
మారుతండ్రి అందరికీ టీ తెప్పించాడు.
ఆ పిల్ల గ్లాసు ముట్టలేదు.
నేను తాగాను.
"ఆచూకీ లభించినది. తల్లిదండ్రులకు అప్పగించడమైనది."
బుల్లెట్ దొరికినప్పుడూ అదే వాక్యం,
తల్లిదండ్రుల చోట సొంతదారు.

రెండు ఎండాకాలాలు పోయాక
దీనమ్మ మళ్లీ వచ్చింది, ఒక్కతే.
ఫోటో అదే, బడి కార్డు మీది.
అలవాటు కొద్దీ ఎత్తెంత అన్నాను.
ఆమె చెయ్యి భుజం మీదికి పోయి, ఆగి,
మెల్లగా చెవితమ్మె దాకా లేచింది.
అక్కడ కాసేపు గాలిలో ఉండిపోయింది,
కింద ఎవరో నిలబడి ఉన్నట్టు.

పెన్నుకు మూత పెట్టాను.
"ఆ మచ్చ ఎట్లా పడింది దీనమ్మా?"
బయట రాయి మోస్తున్న లారీ గేరు మార్చుకుంది.
ఆమె కొంగు ముడి విప్పి, మళ్లీ వేసి,
"బీడీ సార్" అంది
గోడతో చెప్పినట్టు.

కుర్చీ లాగి వేశాను.
గళ్లు లేని తెల్లకాగితం తీశాను.
ఒంగోలు కంట్రోల్ రూముకి
నాలుగడుగుల ఆరు అని చెబుతుంటే
అవతలివాడు "ఎవడితో..." అని మొదలెట్టాడు.
వాడి గొంతు అచ్చం నాదే.

ముందు సింగరాయకొండకి ఫోను చెయ్యాలి.
జామకాయల ఆమె పేరు
అప్పుడు నేను రాసుకోలేదు.