రైలు లేని పాట

చప్పుడు వినబడితే బటన్ నొక్కమంటాను.
స్టాక్‌పోర్ట్ ఆసుపత్రిలో, స్పాంజి గోడల గదిలో
పదకొండేళ్ళుగా నా ఉద్యోగం అదే.
గ్లెనిస్ ఓల్డ్‌రాయిడ్, డెబ్బై తొమ్మిదేళ్ళావిడ,
నేను చప్పుడు పంపకముందే నొక్కేసింది.
"ఏం లేదమ్మా, హెడ్‌ఫోన్స్ పెట్టగానే
పాడాలేమో అనుకున్నాను."

అప్పుడు చెప్పింది.
డెబ్బై రెండు, ఫిబ్రవరి.
తివాచీల కొట్టు మీద మేడగది,
గోడలకు కోడిగుడ్ల అట్టలు,
మూల కిరసనాయిలు పొయ్యి.
ఆ వారం దేశమంతా కూనిరాగం తీస్తున్న పాటల్ని
పొద్దున పదింటికి మొదలెట్టి
సాయంత్రం ఆరులోపు పన్నెండు
అచ్చుగుద్దినట్టు దింపాలి.
అసలు రికార్డు కొనలేనివాళ్ళ కోసం
సబ్బులకీ బిస్కెట్లకీ మధ్య అమ్మే చవక రికార్డు.
అట్ట మీద ఎవరో ఈతదుస్తుల పిల్ల.
వెనకవైపు, చీమతలంత అక్షరాల్లోనైనా
గ్లెనిస్ పేరు లేదు.

"పదింటికి డెట్రాయిట్ గొంతు.
పదకొండున్నరకి గ్లాస్గో గొంతు.
అన్నం తిన్నాక, ముక్కుతో పాడే
ఒక కుర్రాడి గొంతు కూడా నాదే."
మరి మీ గొంతు? అన్నాను.
"అది బస్సులో. ఇంటికెళ్ళేటప్పుడు."

అందులో ఒక పాట. రాత్రి, ప్లాట్‌ఫారం, ఎదురుచూపు.
రెండో చరణంలో అసలు గాయని గొంతు
ఒక్కచోట చిట్లుతుంది,
పాల మీద మీగడ చిరిగినట్టు.
ఆ చిట్లడం కూడా కావాలన్నాడు బేసిల్,
చేతిలో గడియారంతో.
ఏడుసార్లు చిట్లించింది.
ఏడుసార్లూ బాగానే ఉంది, అదే దాని జబ్బు.
ఎనిమిదోసారి కరెంటు పోయింది.
సమ్మెల చలికాలం, రోజూ పోయేదట.
చీకట్లో టేపు చక్రం మూలిగి ఆగింది.
ఈమె ఆగలేదు.
డ్రమ్ముల లోర్కన్ తొడ మీద తాళం వేశాడు.
అప్పుడు చిట్లింది, తనంతట తాను.
ఎందుకో నేనడగలేదు.
ఏ టేపులోనూ లేదది.
దీపాలొచ్చాక తొమ్మిదోది తీశారు,
దాన్నే అమ్మారు.

ఇంకో సంగతి చెబుతూ ముందే నవ్వేసింది.
మాటలు బేసిల్ రేడియోలో విని రాసుకొచ్చేవాడు.
'ట్రెయిన్ ఇంకా రాలేదు' అని అసలు పాట.
ఆ గరగరలో ఒక్క 'ట' రాలిపోయి
కాగితం మీద 'రెయిన్' అయి కూర్చుంది.
ఇనప బెంచీ మీద, సంచి ఒళ్ళో పెట్టుకుని
వాన కోసం ఎదురుచూసే ఆడమనిషిని
ఈమె ప్రాణం పెట్టి పాడేసింది.
"మాంచెస్టర్ పక్కన, నువ్వే చెప్పు,
వాన రాలేదని ఎవరైనా ఏడుస్తారా?"
మా అనంతపురంలో ఏడుస్తారు, అన్నాను.
నవ్వు ఆపి నా వైపు
మొదటిసారి సరిగ్గా చూసింది.

మొన్న శనివారం బస్సులో
నా ముందు సీట్లో ఒకాయన,
గోళ్ళ చుట్టూ ఎండిన సున్నం,
కిటికీకి ఆనుకుని తనలో తాను పాడుకుంటున్నాడు.
నాకు తెలిసిన వరస. చెవి రిక్కించాను,
ఆమాత్రం చదువుకున్నదాన్ని.
రెండో చరణం దగ్గరికొచ్చాడు.
రెయిన్ ఇంకా రాలేదు, అన్నాడు.

ఉండబట్టలేక భుజం తట్టాను.
"మా అమ్మ రికార్డండీ,
ఆదివారం ఇస్త్రీ చేస్తూ పెట్టేది.
రేడియోలో ఎవరో 'ట్రెయిన్' అని పాడుతుంటారు చూడండి,
వాళ్ళకి మాటలు సరిగ్గా రావు."

ఇవాళ గ్లెనిస్ చెవికి
మిషను అమర్చుతూ చెప్పాను ఇదంతా.
చాలాసేపు మాట్లాడలేదు.
మిషను కుదరలేదేమో అనుకుని
చక్రం కాస్త తిప్పాను.
"శ్రుతిలో ఉన్నాడా?" అంది.
కొంచెం తగ్గాడు, అన్నాను.
"ఇంకోసారి తీయించేవాడు బేసిల్," అంది.