ఒక్కదాన్నే ఎత్తగలిగే బీరువా

పలకను చేతికిచ్చి మెర్విన్ ట్రెగెంజా
నా ముఖం చూశాడు.
బరువుంటుందని బిగించిన భుజం
ఉత్త గాలిని ఎత్తి తూలింది.

పౌలోనియా.
రెండోసారి అడిగితేగాని పేరు నోట పట్టలేదు.
పొణికి కర్రంత తేలిక.
బొమ్మలకైతే సరే, బీరువాకా? అంది
నాలోని టేకు గుమ్మాల బుద్ధి.
"అట్టపెట్టె నయం కదా,"
షెడ్డు మూల నుంచి ఎవరో.
బల్లరాట్‌లో ఈ ముసలాళ్ళంతా రెడ్ గమ్ మనుషులు,
మేకును వంచి వెనక్కి పంపే కలపనే
కలపంటారు.

నేను చెప్పలేదు
ఆరేళ్ళలో ఐదు అద్దెయిళ్ళు మారానని,
మారిన ప్రతిసారీ బీరువా మెట్ల మలుపులో ఇరుక్కుంటే
ముక్కూ మొహం తెలియని తలుపు తట్టి
ఓ చెయ్యి వేస్తారా అన్నానని.

మొదటి వారం ఉలి కొయ్యలేదు, నలిపింది.
అంచంతా పీచు లేచి
పాలలో నానిన రొట్టెముక్క.
మెర్విన్ తిట్టలేదు, సానరాయి నా ముందుకు జరిపాడు.
"గట్టి చెక్క మొద్దు ఉలిని క్షమిస్తుంది,
ఇది క్షమించదు."

నవ్వొచ్చింది.
వార్డులో నాలుగో మంచం మిసెస్ పెన్‌హాల్,
తొంభై రెండేళ్ళు, చర్మం ఉల్లిపొర.
ఆవిడ చేతికి ఎప్పుడూ
అన్నిటికన్నా సన్నసూదే వెతుకుతాను.
ఇంత తెలిసీ ఇక్కడ మరిచానే!

నూరాను.
ముంజేతి మీది నూగు రాలేదాకా నూరాను.
అప్పుడు లేచింది పొర, చుట్టలు చుట్టుకుంటూ,
అవతలి కిటికీ ఇవతలికి కనపడేంత పలచగా.

జూలై. రేకుల మీద అడ్డవాన.
తలుపులు బిగిద్దామంటే మరలు నిలవవు,
తిప్పినకొద్దీ తిరుగుతాయి.
మూల మనిషి లేచొచ్చి
జేబులోంచి రెండు ఎర్రటి చెక్కముక్కలు తీసి
బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.
వాటిని లోపల అతికించాం.
మరలు పట్టాయి.

అక్టోబరులో ఆరో ఇల్లు.
బీరువాను నడుముకు ఆనించుకుని
రెండంతస్తులు దిగాను, మధ్యలో
జోలెసంచి సర్దుకున్నాను కూడా.
కింది వాటా ఆయన పరుగున వచ్చాడు, సాయం కావాలా అంటూ.
తలుపు పట్టుకోండి చాలు అన్నాను,
ఎంత గర్వంగానో!

వీధిలో కాలు పెట్టగానే
ఆ ఊరి గాలి ఒక్క విసురు విసిరింది.
బీరువా తెరచాపయింది.
దాని వెనకే నేను, నాలుగడుగులు, పక్కింటి గులాబీల్లోకి.

ఏవండీ,
ఓ చెయ్యి వేస్తారా,
ఎత్తడానికి కాదు,
ఎగిరిపోకుండా.