త ఒత్తు

గుంటూరు బ్రాడీపేట రెండో లైనులో, మెట్లకింద గదిలో
పద్దెనిమిది వందలు లెక్కపెట్టి ఇచ్చి
ముంజేతి మీద కూతురి పేరు పొడిపించుకున్నా,
సువార్త అని.
పొడిచే కుర్రాడు చెవుల్లో పాటలు పెట్టుకున్నాడు.
సూది కొత్తదేనా అని అడగబోయి
మొహమాటపడి ఊరుకున్నా.
తడి తగలనివ్వొద్దన్నాడు, ఎండ వద్దన్నాడు.
దుమ్ము మాట అతను ఎత్తలేదు,
మిర్చి యార్డులో హమాలీనని నేనూ చెప్పలేదు.

తెల్లారితే తేజ రకం టిక్కీలు దిగాయి.
కారం నిప్పులాంటిదంటారు గానీ, కాదు.
నిప్పైతే నీళ్లకి ఆరుద్ది.
అక్షరాలు దేనికది విడిగా మండాయి.
పంపుకింద చెయ్యిపెట్టి నిలబడితే
మేస్త్రి కేకేశాడు, నీ వంతు ఎవడు మోస్తాడురా అని.
వారానికి చీము పట్టింది.
పది రోజుల కూలి పోయింది.

అది మానుతుండగా
నెట్టు కూలి బాలశౌరి తొడ నలిగింది.
పెద్దాసుపత్రిలో రక్తం కావాలన్నారు.
ఓ నెగెటివ్.
జట్టు మొత్తంలో వాడిదీ నాదీ ఒకటే.
చొక్కా చెయ్యి మడుచుకుంటూ ముందు నేనే పరిగెత్తా.
నర్సమ్మ చెయ్యి తిప్పి చూసింది.
"ఎన్నాళ్లైంది?"
"నెల."
"ఏడాది ఆగాలి."
నేను ఆగుతా.
ఆ మాట బాలశౌరికి ఎవరు చెప్పాలి?

తెనాలి నుంచి ఎవరో బండేసుకొచ్చి ఇచ్చిపోయారు.
బతికాడు. కుంటుతున్నాడు.
నన్ను ఒక్క మాట అనలేదు.
అనుంటే బాగుండేది.

పిల్లకి రెండో తరగతి.
ఈమధ్యే బళ్లో ఒత్తులు నేర్పుతున్నారు.
మొన్న రాత్రి నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని
వేలితో కూడబలుక్కుంది.
సు... వా... ర.
"నాన్నా, త ఒత్తేది?"

మూడు నెలలు!
పొడిచినవాడు చూడలా.
చీము తుడిచిన మా ఆవిడ చూడలా.
నాకెట్టా కనపడుద్ది, నేను వేలిముద్రగాణ్ణి.
మళ్లీ సూది కింద పెట్టాలంటే చెయ్యి వణికిద్ది.
చెరిపించాలంటే లేజరంట,
ఆరు విడతలంట, విడతకి నాలుగు వేలంట,
అయినా నీడ మిగులుద్దంట.

ఇప్పుడు రోజూ బడికెళ్లే ముందు
నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి
నీలం బాల్ పెన్నుతో ర కింద
త ఒత్తు దిద్దుద్ది.
"కదలకు నాన్నా" అంటది.
కదలను.
పదకొండో టిక్కీ ఎత్తేసరికి
చెమటకి కరిగిపోద్ది.