పిండవద్దు

పదకొండు చొక్కాలు, పదకొండు నిక్కర్లు.
ఆదివారం పొద్దు గుంకినాక
మూట మా గడపలో పడేది.
పేర్లు నాకక్కర్లేదు.
ఎడమ మోకాలికాడ ఎర్రమట్టి ఉంటే కుళ్లాయప్ప,
లోకో షెడ్డులో ఫిట్టరు, కింద పడకుండా బంతి తీయడం రాదు.
జేబు లేని చొక్కాకు కూడా బీడీ వాసనొస్తే గోల్‌కీపరు జోసెప్పు.
కాలరు నమిలి ఉంటే పిల్లోడు మద్దిలేటి,
పెనాల్టీకి ముందర నమిలేవాడు.

గెలిచినారా ఓడినారా నాకెవరూ చెప్పేపని లేదు.
గెలిచిన మూట ముద్దగా, కుక్కి కట్టి వచ్చేది.
ఓడిన చొక్కాలు
ఒకటొకటే మడిచి.

గుంతకల్లు మైదానం మూలన బోరు, బోరు కింద రాతి తొట్టి.
ఆడనే ఉతికి
రెండు గోలుపోస్టులకు తాడు కట్టి ఆరేసేదాన్ని.
సిగ్నలు జెండా పచ్చ.
బళ్లారి ప్యాసింజరు పోతా ఉంటే
కిటికీల్లో పిల్లోళ్లు వేళ్లు చాపి లెక్కపెట్టేవాళ్లు.

పోయినేడు క్లబ్బును అమ్మినారు.
కొన్నాయన యా దేశమాయన అని అడిగితే
సెక్రటరీ వీరభద్రప్ప గోడమీది పటంలో చూపించబోయి
వేలు నీళ్లలో పెట్టినాడు.
ఆడేదో దీవంట.
దీవిలో ఆయన ఉండడంట, ఆయన కంపెనీ ఉంటాదంట.
"ఏందప్పా, మన జట్టు ఇంగ మనది కాదా?"
"మనదే సుంకులమ్మా. ఓనరు ఆయన, అంతే."
గొర్రె మనదే, మెడకు తాడు ఇంగొకరిది.
సంతలో ఎన్నిసార్లు చూళ్లేదు.

అబద్ధమెందుకు, మంచీ చేసినారు.
లైట్లు పెట్టినారు,
నడిరాత్రి కాకులు తెల్లారిందని అరిచేంత.
మద్దిలేటికి బూట్లిచ్చినారు.
వాళ్లమ్మ వాటిని బియ్యం డబ్బామీద పెట్టి తుండుగుడ్డ కప్పింది.
గడ్డి తెచ్చినారు లారీలో, చాప మాదిరి చుట్టి.
గడ్డికి దప్పికెక్కువ.
మా వీధికి కొళాయి ఆరు దినాలకొకసారి,
గడ్డికి పొద్దునొకసారి, మాపునొకసారి.
బోరుకు పైపులు తగిలించి తొట్టి పగలగొట్టినారు.
చుట్టూ కంచె, కంచెకు గేటు, గేటుకు మనిషి.
మనిషి మావోడే, కుళ్లాయప్ప తమ్ముడే,
"టికెట్టుందా అక్కా?" అంటాడు
నా మొగం చూడకుండా.

చొక్కా వంకాయ రంగుకు మారింది.
నాలుగు దేశాల్లో ఆయన నాలుగు జట్లకూ అదే రంగంట,
ఒకే తానులో చించినట్టు.
మెడ లోపల చిన్న చీటీ కుట్టి ఉంటే
నా మనవరాలు చదివి చెప్పింది:
చల్లనీళ్లలో ఉతకండి.
ఎండలో ఆరేయవద్దు.
పిండవద్దు.
నవ్వొచ్చింది నాకు,
ఎండ లేని గుంతకల్లు యాడ తేవాలబ్బా!
పై వారం మూట రాలేదు.
యంత్రం వచ్చిందంట.

ఎండాకాలంలో మద్దిలేటిని పంపించేసినారు
ఆ నాలుగు జట్లలో ఒకదానికి, మంచు పడే ఊరికి.
వాణ్ణి అడగలేదు, కాగితం చూపించినారు.
ఒకసారి ఫోను చేసినాడు:
"అత్తా, ఈ చొక్కాకు కాలరే లేదు."
కుళ్లాయప్పను తీసేసినారు.
లెక్కలో ఏదో అంకె తక్కువొచ్చిందంట.

మొన్న ఆదివారం ఆట.
కంచెకు వేళ్లు తగిలించి బయట నిలబడి చూస్తా ఉన్నాం
వాడూ నేనూ ఇంగా నలభై మందీ.
బంతి ఒకటి కంచె దాటి మట్టిలోకొచ్చింది.
ఎవరూ ఏమీ అనకముందే
వాడు ఎడమ మోకాలిమీద జారి తీసినాడు.
నలభై మందే. లోపలోళ్లు వెనక్కి తిరిగి చూసేంత అరుపు.
తమ్ముడొచ్చి చెయ్యి చాపినాడు.
వాడు బంతిని చొక్కాకు తుడిచి
ఇచ్చేసినాడు.

మాపున మా గడపకొచ్చినాడు,
ఒకే ఒక్క ప్యాంటు పట్టుకొని.
కుక్కి తెచ్చినాడా మడిచి తెచ్చినాడా అని చూసినా.
చంకలో చుట్టి పెట్టుకున్నాడు,
ఏమీ తెలీలేదు.
కొళాయి వచ్చేది ఎల్లుండి.
తాగే బిందెలోంచి రెండు చెంబులు వంచి తడిపినా.
ఎర్రనీళ్లు పోయేదాకా
పిండినా.