గాలికి కిరాయి లేదు

నిన్నటినుంచి మేత వెయ్యలేదు వాటికి.
ఊరెళ్లేవి పస్తుంటేనే మంచిది,
సంచిలో నీళ్లు చెడవు.

సత్యనారాయణపురం, మూడో అంతస్తు మీద రేకుల గది,
మూడు తొట్లు, ఒక నీలి దీపం.
సముద్రంలో విరుచుకొచ్చింది కాదిది.
నాలుగేళ్ల కిందట చేతికొచ్చిన వేలిగోరంత ముక్క
పిల్లలు పెట్టి, ఆ పిల్లలు పిల్లలు పెట్టి
ఇవాళ హనుమకొండ పోతోంది,
రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సమ్మ ఇంటికి.

పెట్టెలు కొనను.
బీసెంట్ రోడ్డు వెనక మందులషాపు ఫణీంద్ర
ఇన్సులిన్ వచ్చిన థర్మాకోల్ డబ్బాలు నాకోసం దాస్తాడు.
మూత మీద ఇంకా రాసే ఉంటుంది
చల్లగా ఉంచండి అని.
అలాగే అంటాను, పైకే.

నీళ్లు బరువు.
ఈ చిన్న మాట నేర్చుకోడానికి పదకొండు పార్సిళ్లు పట్టింది.
మొదట్లో ప్రేమకొద్దీ సంచి నిండా పోసేవాణ్ణి,
కౌంటర్లో కాటా నా లాభమంతా తాగేసేది.
గాలికి కిరాయి లేదు.
ఒక వంతు నీళ్లు, రెండు వంతుల గాలి,
సంచి మూలల్ని చెవుల్లా మడిచి టేపు వేస్తే
ఏ మూలా ఇరుక్కుని నలగదు.
థర్మాకోల్ చెక్కకి రబ్బరు బ్యాండుతో కట్టి వదిలితే
చెక్క పైన తేలుతుంది, ముక్క కింద వేలాడుతుంది,
దారంతా గబ్బిలంలా తలకిందులుగా,
ప్లాస్టిక్ ఒంటికి తగలకుండా.

మొన్న రోహిణి కార్తెలో
హైదరాబాదు డబ్బా ఒకటి దారిలో దింపేశారు.
సూర్యాపేట.
ఊరి పేరు విన్నప్పుడైనా నాకు భయం వెయ్యాల్సింది.
మధ్యాహ్నమంతా రేకుల కింద ఉందట.
కొన్నాయన ఒక్క మాట అనలేదు,
ఫొటో పంపాడు, అంతే.
బూడిదరంగు జావ.
డబ్బు రెండు వాయిదాల్లో తిరిగి కట్టాను,
ఆ ఫొటో మాత్రం చెరపలేదు.

అప్పటినుంచి గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి పక్కన పెడుతున్నాను.
ఐసు తగిలితే చలికి చస్తాయి,
అసలు లేకపోతే వేడికి.
మధ్యలో నాలుగు మడతల దినపత్రిక,
బతుక్కి కావలసిన దూరం అంతే.
ఇవాళ చేతికి దొరికిన కాగితంలో రాశిఫలాలు:
ప్రయాణాలు వాయిదా వేసుకొనుట మంచిది.
ఆ వైపు లోపలికి మడిచాను.

బస్టాండు కార్గో కౌంటరు, రాత్రి తొమ్మిదిన్నర.
ఏముంది ఇందులో, అంది విమలకుమారి గారు.
పగడాలండి.
కళ్లజోడు పైకి జరిపింది:
బంగారంలో పొదిగినవా? విలువ రాయాలి మరి.
కాదండి, బతికున్నవి.

కలం ఆగిపోయింది.
కుడిచేతి వేలు ముందుకు చాపి
ఎర్రరాయి ఉంగరం చూపించింది.
కుజుడికని పెట్టించారు, పంతొమ్మిదేళ్లయింది.
ఇది కూడా... ఎప్పుడైనా బతికుండేదా?

ఏమనాలో తెలియక
రెండువందల యాభై అని విలువ రాశాను.
కిరాయి నూటపది.

ఆమె లేచింది.
ఆటోనగర్ బేరింగుల అట్టపెట్టెల కిందికి పోబోతున్న డబ్బాని
తనే రెండు చేతులా తీసి
నూజివీడు మామిడి బుట్టల మీద కూర్చోబెట్టింది.
ఏ రసీదులోనూ రాయని పని అది.

పొద్దున్నే ఫోను మోగింది.
అన్నీ ముడుచుకునే ఉన్నాయండి, పోయాయా?
దీపం తగ్గించండి, సంచి అరగంట తొట్లో తేలనివ్వండి,
రెండు రోజులు వాటి జోలికి పోకండి, అన్నాను.
తెలిసినవాడిలాగే అన్నాను.
తర్వాత తొట్టి దగ్గర కూర్చుని
కత్తెర పడిన చోటు చూస్తూ ఉన్నాను చాలాసేపు.
తల్లిముక్క కూడా ముడుచుకునే ఉంది.

శనివారం ఇంకో డబ్బాతో వెళ్లాను.
కాటా మీద పెట్టనివ్వలేదు విమలకుమారి గారు,
చేతులు అడ్డంపెట్టి అడిగింది:
విచ్చుకుందా?

ఒక కన్నేనండి, అన్నాను.